కోనసీమలో ఒక మండువా లోగిలి, దాని దొడ్డి: అతిథి బసపై సమీక్ష

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, అమలాపురానికి కొంత దూరాన, గోదావరి పాయ గట్టుకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో, నాలుగు తరాలుగా ఒకే కుటుంబం కాపురం ఉంటున్న మండువా లోగిలిలో (నడుమ పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే మండువా గల పాతకాలపు ఇంటిలో) ఇటీవల మా కుటుంబమంతా బస చేశాము. ఇంటివారు తాము నివసించే ఇంటిలోనే రెండు గదులను అతిథులకు ఇస్తున్నారు. ప్రకటనలు లేవు, బోర్డు లేదు. తెలిసినవారు చెబితే వెళ్ళినవారే మళ్ళీ మరొకరికి చెబుతారు. అది ముందు వారి ఇల్లు, ఆ తరువాతే బస గనుక వారి పేరును గాని ఊరి పేరును గాని ఇక్కడ రాయడం లేదు. అయినా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళను అతిథులకు తెరిచేవారు ఇప్పుడు పలుచోట్ల కనిపిస్తున్నారు. అటువంటి ఇంటికి వెళ్ళినప్పుడు ఏమి చూడాలో, మనం ఇచ్చే సొమ్ము దేనిని నిలబెడుతున్నదో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఇల్లు చాలు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వచ్చినవారందరూ మండువాలో నిలబడి ఫోటోలు తీసుకుని, స్తంభాలను తడిమి చూసి, ఉయ్యాల బల్ల మీద ఊగి వెళ్ళిపోతున్నారు. నిజానికి ఈ ఇంటి విలువలో సగం వెనుక తలుపు దాటిన తరువాత మొదలవుతుంది. ఇల్లూ, నుయ్యీ, పశువుల శాలా, కూరపాదులూ, కొబ్బరి తోటా కలిసి ఒకే కట్టుబడిగా పనిచేస్తున్న చోటు ఇది. ఇంటివారు కొన్ని చోట్ల పొరపాటు మరమ్మతులు చేశారు. అయినా దొడ్డిని ప్లాట్లుగా అమ్ముకోకుండా, సిమెంటు పరచకుండా, వాడుకలోనే ఉంచారు. ఈ ఒక్క నిర్ణయం వల్ల ఇది నేను చూసిన గోదావరి ఇళ్ళలో అన్నిటికంటే సంపూర్ణమైనదిగా నిలిచింది.

ఇటువంటి ఇళ్ళు ఈ ప్రాంతంలో ఎందుకు వెలిశాయో కొంత తెలిసి వెళితే చూసే చూపు మారుతుంది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు డెల్టాలో వరి సాగుకు నిలకడ తెచ్చాయి. ఏటా నమ్మకంగా చేతికందే పంట వచ్చిన తరువాత ధాన్యాన్ని నిలవ ఉంచే గాదెలు, పాలేర్లకు భోజనం పెట్టే పంచలు, పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ చాలినంత చోటు ఉన్న ఇల్లు కావలసి వచ్చాయి; కట్టే స్తోమతా కలిగింది. కలప కొంత ఎగువ గోదావరి అడవుల నుంచి నది మీద తెప్పలుగా దిగేది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకు రాకపోకలు ఎంత ఎక్కువగా ఉండేవంటే, అక్కడ తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. ఆ దారినే రంగం (రంగూన్) టేకు ఈ తీరానికి చేరింది. ఈ ఇంటి మండువా స్తంభాలు అటువంటి రంగం టేకువేనని ఇంటివారి మాట. ఒక్కొక్క స్తంభమూ ఒకే మానునుంచి తీసినది. అడుగున రాతి పీఠం ఉన్నందువల్ల చెమ్మ గాని చెదలు గాని మాను దాకా ఎక్కలేదు.

వీధి వైపు నుంచి చూస్తే ఇల్లు ఆడంబరంగా ఉండదు. నేలకు నడుము ఎత్తున లేచిన అరుగులు, మధ్యన మెట్లు, కిందికి వాలిన పెంకుల చూరు, గడప మీద పసుపు బొట్లు, అంతే. అరుగు ఎత్తు అందం కోసం పెట్టినది కాదు. గోదావరి పొంగినప్పుడు ఊరిలోకి నీరు వచ్చినా గడప దాటకుండా ఉండాలని పూర్వులు లెక్క చూసి లేపిన ఎత్తు అది. 1986 ఆగస్టు వరదల్లో నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో ఇంటి పెద్దాయన చేతితో చూపించారు. పుస్తకంలో ఎక్కడా దొరకని ఇటువంటి కొలతలు ఈ ఇంటి మెట్లలో, గోడల్లో చాలా ఉన్నాయి. ఇంటిలో మనుషులు ఉన్నంతకాలమే వాటిని చదివి చెప్పేవారు ఉంటారు.

మండువా గురించి కొంత నిదానంగా చెప్పాలి. మేము వెళ్ళినది శ్రావణ మాసంలో కావడం మా అదృష్టం. నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన కప్పు మీద కురిసిన వాన, మూలల్లో రెండు వాలులు కలిసే చోట అమర్చిన రేకు దోనెల్లోంచి ధారలుగా మండువాలో పడుతుంది. ఆ ధారల కింద ఇంటి ఇల్లాలు పాత ఇత్తడి గంగాళాలు పెట్టి నీరు పట్టారు. మొదటి వాన నీరు కప్పును కడుగుతుంది గనుక దానిని పారబోసి, తరువాత పడిన దానినే ఉంచుతారు. పప్పు ఉడకడానికి నూతి నీటికంటే వాన నీరే మంచిదని ఆవిడ చెప్పారు. పప్పులు గట్టి నీటిలో సరిగా ఉడకవు, వాన నీరు మెత్తనిది గనుక ఆ అనుభవంలో నిజం ఉంది. గంగాళాలు నిండగా మిగిలిన నీరు మండువా వాలు వెంట ఈశాన్యపు మూలకు చేరి, అక్కడి రాతి తూములో దిగి, ఇంటి నేల కింది నుంచి సాగి వెనుక దొడ్డిలో అరటి చెట్లకు నీరు పారే బోదె కాలువలో బయటపడుతుంది. పిల్లలు మండువాలో ఒక ఆకు పడవను వదిలి వెనక్కు పరుగెత్తి అది బోదెలో తేలడం చూశారు. అంతటి వానలోనూ మండువాలో నీరు చీలమండ దాటి నిలవలేదు. ఇంత కాలం తరువాత కూడా ఆ తూము పూడిపోకుండా పనిచేయడం ఈ ఇంటిలో నాకు కనిపించిన గొప్ప విషయం. ఏటా మృగశిర కార్తెకు ముందే దానిలో పొడవాటి వెదురు దూర్చి పూడిక తీయిస్తారట. చాలా ఇళ్ళలో ఈ తూము ఎప్పుడో పూడిపోయింది; దానితో నీరు నిలిచి, దోమలు పెరిగి, విసిగిపోయిన ఇంటివారు మండువా మీద ప్లాస్టిక్ రేకులు కప్పేశారు. రేకులు కప్పిన మండువా పగలంతా కాగుతుంది. కింది నుంచి లేచిన వేడిగాలి పైకి పోయే దారి మూసుకుపోతుంది, వెనుక తోట నుంచి చల్లగాలిని లోపలికి లాగే పని ఆగిపోతుంది. ఈ ఇంటిలో వీధి తలుపు, మండువా, దొడ్డి తలుపు ఒకే వరుసలో ఉన్నాయి. మధ్యాహ్నం రెండు తలుపులూ తెరిచి మండువా పక్కన చాప వేసుకుని పడుకుంటే పంకా అవసరం కలగలేదు. ఇక్కడ రేకుల బదులు ఇనుప ఊచల చట్రం మాత్రమే బిగించారు. కోతులూ దొంగలూ రాకుండా అది చాలు, గాలీ వానా మాత్రం యథాప్రకారం వస్తాయి. ఈ విచక్షణకు ఇంటివారిని మనసారా అభినందిస్తున్నాను.

గోడల విషయంలో మాత్రం అభినందించలేను. ఈ ఇంటిని ఇటుకా సున్నంతో కట్టారు. సున్నాన్నీ ఇసుకనూ ఎద్దులు తిప్పే గానుగలో నలిపి, నానబెట్టిన కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి తయారు చేసిన డంగు సున్నం అది. మూరెడు దాటిన మందం గల ఆ గోడలు భూమి నుంచి ఎక్కిన చెమ్మను పీల్చుకుని మళ్ళీ గాలిలోకి వదిలేస్తాయి. కోనసీమలో కొద్ది లోతు తవ్వితేనే నీరు పడుతుంది, గోడ పునాది ఏడాది పొడుగునా తడి మీదే ఉంటుంది. అందుకే సున్నం పూత ఆ నేలకు సరిగ్గా అమరినది. కొన్నేళ్ళ కిందట ఉత్తరపు గోడ పెచ్చులూడుతున్నదని మేస్త్రి సలహా మీద సిమెంటు పూత వేయించి, దాని మీద మెరిసే రంగు కొట్టించారు. సిమెంటు చెమ్మను బయటకు పోనివ్వదు. లోపల చిక్కుకున్న నీరు ఇంకా పైకి ఎక్కి, ఉప్పును వెంట తెచ్చి, ఇటుకను లోపలినుంచే పిండి చేస్తుంది. ఇప్పుడు ఆ గోడకు నడుము ఎత్తు దాకా రంగు బుడగలు కట్టి ఊడుతున్నది, తట్టితే డొల్ల చప్పుడు వస్తున్నది. పక్కనే సిమెంటు తగలని పడమటి గోడ, రంగు మాసి ఉన్నా, గట్టిగా ఉంది. ఒకే ఇంటిలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు గోడలను పాత ఇల్లు ఉన్న ప్రతివారూ చూడాలని నా కోరిక. వారసత్వాన్ని కాపాడాలంటే ఖరీదైన పని చేయించాలని చాలామంది అనుకుంటారు. ఇక్కడ హాని చేసినది ఖరీదైన పనే. ఏటా సంక్రాంతికి ముందు వేసే వెల్ల ఆ గోడకు చాలి ఉండేది.

కప్పు సంగతి క్లుప్తంగా చెబుతాను. వీధి వైపు వాలుకు మంగుళూరు పెంకు, మండువా వైపుకూ వంటింటికీ పాత గూన పెంకు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ కేంద్రంగా ఏర్పడిన బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థవారు 1860ల్లో మంగుళూరులో మొదలుపెట్టిన పెంకు పరిశ్రమ తరువాత తరువాత దక్షిణాది అంతటికీ పాకింది. అంతకు ముందు కుమ్మరులు సారె మీద చేసిన గూన పెంకే అన్ని ఇళ్ళకూ కప్పు. గూన పెంకును ఏటా వానలకు ముందు తిరగేసి సర్దాలి. పిల్లి పరుగెత్తినా, కొబ్బరి మట్ట పడినా పెంకు కదులుతుంది. ఆ పని తెలిసినవారు ఈ చుట్టుపక్కల బహు కొద్దిమందే మిగిలారని, వారికోసం వైశాఖంలోనే కబురు పెట్టుకోవాలని ఇంటివారు అన్నారు. అతిథులు ఇచ్చే సొమ్ములో పెద్ద వాటా ఈ కప్పుకే పోతున్నదని కూడా చెప్పారు. నేను ఇచ్చిన ప్రతి రూపాయీ నాకు సార్థకంగా తోచినది ఆ మాట విన్నప్పుడే.

ఇక దొడ్డి. వెనుక తలుపు దాటగానే వసారా, దాని పక్కన రోలూ పొత్రమూ, నాలుగు అడుగుల దూరంలో గిలక నుయ్యి. నూతి చుట్టూ రాతి చప్టా, చప్టా నుంచి ఒక సన్నని కాలువ. స్నానానికీ గిన్నెలకూ వాడిన నీరు ఆ కాలువ వెంట మొదట కంద, చేమ మడికి పోతుంది, అక్కడి నుంచి అరటికి, చివరికి కొబ్బరి పాదులకు చేరుతుంది. ఎక్కువ నీరు కోరే మొక్క ముందు, ఓర్చుకునే చెట్టు తరువాత అన్న వరుసలో నాటిన తోట అది. వంటింటి కిటికీకి ఎదురుగా కరివేపాకు, ములగ, నిమ్మ; పందిరి మీద ఆనప, బీర, చిక్కుడు; నూతి గట్టున బచ్చలి. పొయ్యిలోని బూడిదను పారేయకుండా ఉదయం మంచు తడి ఉండగానే చిక్కుడు ఆకుల మీద చల్లుతారు, పేను పట్టకుండా. పెరట్లోని పువ్వులు కూడా అలంకారానికి మాత్రమే ఉన్నవి కావు: నందివర్ధనం, పారిజాతం, కనకాంబరం, నూరువరహాలు, ఏ రోజు పూజకు ఏ పువ్వు కోయాలో ఇంటి పెద్దావిడ మామ్మగారికి తెలుసు. తులసి కోట మండువాలో కాక దొడ్డిలో, ఉదయపు ఎండ తగిలే చోట ఉంది.

ఆ వెనుక పెద్ద చెట్లు. పనస, పంపర పనస, ఉసిరి, నేరేడు, రెండు మామిళ్ళు. మామిళ్ళలో ఒకటి కొత్తపల్లి కొబ్బరి, మరొకటి పెద్దరసం. రెండూ టెంక నాటి పెంచిన చెట్లు కావు, అంటు మొక్కలు. తెచ్చిన వారెవరో, ఏ ఊరి తోట నుంచి తెచ్చారో మామ్మగారు తడబాటు లేకుండా చెప్పారు. “మా అత్తగారు పురిటికి పుట్టింటికి వెళ్ళి వస్తూ పడవలో తెచ్చారమ్మా ఆ అంటు, మట్టి ముద్దకి అరటి నార చుట్టి,” అన్నారావిడ మా అమ్మాయితో. ఇంటి దూలం మీద చెక్కిన లతల కన్న ఈ మాట నాకు విలువైనదిగా తోచింది. దూలాన్ని ఊడదీసి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. చెట్టు వయసు, అది వచ్చిన దారి, దాని కాయతో ఏ ఊరగాయ నిలుస్తుందో తెలిసిన మనిషి, ఈ మూడూ ఒక్కచోట ఉంటేనే అది తోట అవుతుంది.

కొబ్బరి తోటలో చెట్ల ఎత్తు చూస్తే చరిత్ర తెలుస్తుంది. ఆకాశానికి అంటుకున్నట్టు ఉండే పాత చెట్లు ఇక్కడ కొద్దిగానే ఉన్నాయి. మిగిలినవన్నీ దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది, వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఈ తోట కూడా ఆ రాత్రి పడిపోయినదే. పడిన మానులను కోయించి కొన్నిటిని పశువుల శాలకు దూలాలుగా ఎత్తారు, నేటికీ అవి ఉన్నాయి. తరువాత నాటిన మొక్కలే ఇప్పటి తోట. ఆ తుఫానులో ఇంటి పెంకులు సగం ఎగిరిపోయినా గోడలూ స్తంభాలూ చెక్కు చెదరలేదట. తూర్పు వైపు దట్టంగా ఉన్న పనస, మామిడి చెట్లు గాలి దెబ్బను ముందుగా తాము తిన్నాయని పెద్దాయన నమ్మకం. చెట్ల వరుస గాలి వేగాన్ని తగ్గిస్తుందన్నది అందరికీ తెలిసిన విషయమే గనుక ఆ నమ్మకాన్ని కాదనలేము.

కొబ్బరిలో పారవేసేది ఏదీ లేకపోవడం ఇక్కడ కళ్ళారా చూడవచ్చు. మట్టలు దడికీ పొయ్యికీ, ఈనెలు చీపురుకూ, పీచు తాళ్ళకూ పాదుల మీద కప్పడానికీ, చిప్పలు బొగ్గుకూ. దడి కట్టే రోజున మా పిల్లలు కూడా మట్టలు మోశారు. ఇది అతిథుల కోసం ఏర్పాటు చేసిన ప్రదర్శన కాదు, ఆ రోజు ఆ పని ఉంది గనుక జరిగింది. పట్నంలో పెరిగిన పిల్లలకు ఒక ఇల్లు తన చుట్టూ ఉన్న నేలతో ఎలా బతుకుతుందో ఇంత సహజంగా చూపించే చోటు మరొకటి నాకు తెలియదు.

ఇంత మంచి దొడ్డి ఉన్న ఇంటి ముందు వాకిలిని మాత్రం ఇటీవల పాడుచేశారు. పాత వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసే నేల, ఒక మూల గన్నేరు, మరొక మూల ధాన్యం ఎండబోసే కళ్ళం ఉండేవని పాత ఫోటోలో కనిపిస్తున్నది. ఇప్పుడు కడియం నర్సరీల నుంచి తెచ్చిన గడ్డి తివాచీ, దాని చుట్టూ రంగు రాళ్ళు, అలంకారపు తాటి మొక్కలు ఉన్నాయి. కడియం నర్సరీ రైతుల నేర్పు మీద నాకు ఎంతో గౌరవం ఉంది, మొక్కల్లో లోపం లేదు. అవి ఉండవలసిన చోటు ఇది కాదు. గడ్డికి రోజూ పైపుతో నీరు పెట్టాలి. ముగ్గుకు చోటు అరుగు కింద రెండు బారలకు తగ్గిపోయింది. సంక్రాంతి నెలలో గొబ్బెమ్మలు పెట్టడానికి ఇల్లాలు వీధిలోకి వెళ్ళవలసి వస్తున్నది. అతిథులకు ఫోటోలు బాగా వస్తాయని ఎవరో చెబితే చేయించామని ఇంటివారు అన్నారు. మేము మట్టి వాకిలినే కోరుకుంటామని అతిథులుగా మనం నోరు తెరిచి చెబితే ఈ ధోరణి ఆగుతుంది. నేను చెప్పి వచ్చాను.

బసకు సంబంధించిన విషయాలకు వస్తాను. ఇచ్చే రెండు గదుల్లో పడమటి గదిని అడగండి. దానికి పాత ఎర్రమట్టి పలకల నేల, లోతైన కిటికీ, గోడ అలమర ఉన్నాయి. రెండవ గదిలో నున్నని టైల్స్ పరిచి, ఏసీ పెట్టి, పాత సామాన్ల గదిని స్నానాల గదిగా మార్చి కలిపారు. వృద్ధులతో వెళ్ళేవారికి అది సౌకర్యమే, కానీ తలుపు వేసుకుంటే ఏ ఊరి హోటల్లోనైనా ఉన్నట్టే ఉంటుంది. పడమటి గదికి స్నానాల గది వసారా చివరన ఉంది, రాత్రి వేళ దీపం వేసుకుని నాలుగు అడుగులు నడవాలి. శుభ్రత విషయంలో వంక పెట్టడానికి లేదు. వానాకాలం సాయంత్రాలు దోమలు తప్పవు. ఇంటివారు వేపాకు పొగ వేస్తారు, దోమతెర కడతారు, అయినా చిన్నపిల్లలు ఉన్నవారు తమ జాగ్రత్త తాము చూసుకోవాలి. ధర రాజమహేంద్రవరంలో ఒక మధ్యరకం హోటలు గదికంటే కొంచెం ఎక్కువే. అందులో మూడు పూటల భోజనం కలిసి ఉంది గనుక ఎక్కువ అనిపించలేదు.

భోజనం దొడ్డిలోంచే వస్తుంది. కంద బచ్చలి కూర, ములగాకు పప్పు, ఆనపకాయ పులుసు, దబ్బకాయ ఊరగాయ, ఒక ఉదయం బొగ్గుల మీద కాల్చిన దిబ్బరొట్టె, దానికి చెరుకు పానకం. అరటి ఆకు మా కళ్ళ ముందే కోశారు. పనసపొట్టు కూర తినాలంటే మాత్రం పనస పిందె పట్టే మాఘ ఫాల్గుణాల్లో వెళ్ళాలి. అడిగినవన్నీ వండిపెట్టే చోటు కాదిది, ఆ రోజు ఏమి కాసిందో అదే వంట. ఈ పద్ధతి మారకూడదని నా విన్నపం.

ఇటువంటి ఇంటిని కాపాడేవారు ఇంటివారు తప్ప వేరెవరూ లేరన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి కేంద్ర చట్టం గాని, 1960 నాటి రాష్ట్ర చట్టం గాని రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికే వర్తిస్తాయి. పల్లెల్లోని నివాస గృహాలు ఆ జాబితాల్లోకి రావడం అరుదు. వారసత్వ పరిరక్షణ కోసం 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ వంటి సంస్థలు పాత ఇళ్ళను నమోదు చేస్తాయి, కూల్చకుండా ఆపే అధికారం వాటికి లేదు. ఈలోగా పంపకాలు జరుగుతాయి. అన్నదమ్ములు నలుగురైతే మండువా మధ్య గోడ లేస్తుంది, లేదా అందరూ విదేశాల్లో ఉంటే ఇల్లు తాళం పడి రెండు వానాకాలాలకు కప్పు కుంగుతుంది. ఆపైన కలప వ్యాపారి వస్తాడు. స్తంభాలూ ద్వారబంధాలూ విడివిడిగా అమ్మితే వచ్చే సొమ్ము ఇల్లు మొత్తంగా నిలిపితే రాదు. తమిళనాడులోని కారైకుడి వంటి చోట్ల పాత ఇళ్ళ తలుపులూ స్తంభాలూ అమ్మే దుకాణాలు వీధుల పొడుగునా ఉన్నాయంటే ఎన్ని ఇళ్ళు విప్పితే అవి నిండాయో ఊహించుకోవచ్చు.

చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర అనే ప్రదర్శనశాలలో దక్షిణాది నలుమూలల ఇళ్ళను తెచ్చి నిలబెట్టారు. తెలంగాణ ఇక్కత్ నేతవారి ఇల్లూ, ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లూ అక్కడ ఉన్నాయి. ఆ ప్రయత్నం లేకపోతే అటువంటి ఇళ్ళ నిర్మాణ పద్ధతి మన పిల్లలకు తెలిసే అవకాశమే ఉండదు, ఆ పనిచేసినవారికి మనం రుణపడి ఉండాలి. అయితే ఇంటిని తరలించగలరు గాని దాని నూతినీ, బోదెనూ, ముప్పై ఏళ్ళ పనసనూ తరలించలేరు. అక్కడ మనకు ఇంటి రూపం తెలుస్తుంది. వాన నీరు మండువాలో పడి అరటికి చేరే దారిని చూడాలంటే, ఆ దారిని ఏటా శుభ్రం చేసే మనిషి ఉన్న ఇంటికే వెళ్ళాలి. ఈ రెండూ మనకు కావాలి, ఒకదానికి మరొకటి బదులు కాదు.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. మండువా పని చూడాలంటే శ్రావణ భాద్రపదాలు, తోట చూడాలంటే మాఘం నుంచి వైశాఖం దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, ఆ నెలల్లో వాతావరణ హెచ్చరికలు చూసుకుని బయలుదేరండి. సంక్రాంతికి ఇంటివారి బంధువులే నిండిపోతారు గనుక గదులు ఇవ్వరు. కెమెరా ముందు మామ్మగారిని నిలబెట్టకండి. దొడ్డిలో ఆవిడ వెంట నడుస్తూ వినండి, అడిగితే అన్నీ చెబుతారు. దేవుడి గదిలోకీ వంటింటిలోకీ పిలవనిదే వెళ్ళకూడదు, ఫోన్లు పట్టుకుని అసలే వద్దు. ఉత్తరపు గోడ సిమెంటు తీయించి మళ్ళీ సున్నం పూయించాలని ఇంటివారు నిశ్చయించుకున్నారు, పని తెలిసిన మేస్త్రి కోసం వెతుకుతున్నారు. ఆ పని వచ్చే వేసవిలో మొదలైతే అటువైపు గది మూసేస్తారు గనుక, చైత్ర వైశాఖాల్లో వెళ్ళాలనుకునేవారు పడమటి గది ఖాళీగా ఉందో లేదో ముందుగా కనుక్కుని ప్రయాణం పెట్టుకోవాలి.